గోపన్‌పల్లి ఎండాకాలపు వాన

మీ ఆయన ఏం ఉద్యోగం చేస్తారని ఎవరైనా అడిగితే మా ఆవిడ "నీళ్ళు పడతారు" అనేది. మున్సిపాలిటీలోనా అని వాళ్ళు, కాదు సైంటిస్టుల దగ్గర అని ఈవిడ. ఆ పైన ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. నవ్వకండి, అదే నిజం. ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసింది నీళ్ళు పట్టడమే. వాన నీళ్ళు, బావి నీళ్ళు, చెరువు నీళ్ళు, చివరికి భూమికి ఆ కొసన పడిన మంచు కరిగిన నీళ్ళు కూడా ఈ చేతుల మీదుగా వెళ్ళాయి.

ఈమధ్య మా నల్లగండ్ల అపార్ట్‌మెంటులో స్రవంతి అనే అమ్మాయి లిఫ్టులో పలకరించింది. వాతావరణ మార్పుల మీద పనిచేసే ల్యాబులో చేరబోతోందట. "అంకుల్, మీదీ ఇదే ఫీల్డట కదా, ఏమైనా టిప్స్ చెప్పండి" అంది. లిఫ్టు మూడు అంతస్తులు ఎక్కేలోపు ఏం చెప్తాను? అందుకని కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, ఫైళ్ళ సంగతి ఇందులో ఉండవు. అవి చేరిన వారంలో ఎవరో ఒకరు నేర్పేస్తారు. ఎవరూ నేర్పనిది ఒకటుంది. నాకు దాన్ని గోపన్‌పల్లిలో బాలమ్మ అనే ఆవిడ నేర్పింది. నా ఉద్యోగం కాపాడబోయి మా ల్యాబు పరువు ఇంచుమించు తీసేసిన మనిషి. ఆవిడను తలుచుకుంటే ఇప్పటికీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నీళ్ళలో బరువు

మాది శంకర్‌పల్లి దగ్గర చిన్న పల్లె. డెబ్బైల మొదట్లో హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. నా పై అధికారి సోమయాజులు గారు, కాకినాడ మనిషి. మామూలుగా నన్ను "ఏమోయ్ నర్సింహులూ" అని పిలిచేవారు. "ఏమండీ నర్సింహులు గారూ" అన్నారంటే ఆ రోజు నాకు మూడిందన్నమాటే.

చేరిన మొదటి రోజే అలా అనిపించుకున్నాను. సీసాలు మురికిగా కనిపిస్తే, పనితనం చూపిద్దామని అన్నిటినీ కుళాయి కింద కడిగి బోర్లించి పెట్టాను. ఆయన వచ్చి చూశారు.

"ఏమండీ నర్సింహులు గారూ, కడిగిన సీసాలో ఏముంటుందండి?"

"ఏం ఉండదు సార్. సాఫ్ చేసిన."

"కడిగిన నీళ్ళుంటాయండి. నాలుగు చుక్కలు చాలండి, నా వాన కాస్తా మీ కుళాయి అయిపోడానికి."

ఆ తర్వాత సీసాలను ఓవెన్‌లో ఎండబెట్టడం నేర్పారు. మూత తీసిన సీసా మీదికి వంగి మాట్లాడనిచ్చేవారు కాదు, ఊపిరిలో తడి చేరుతుందని. ఇదేం చాదస్తంరా బాబూ అనుకునేవాణ్ణి. ఎందుకో అర్థం కావడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

అర్థమైంది చెప్తాను. నీటిలో ఉండే ఆక్సిజన్ అంతా ఒకే బరువు ఉండదు. ఎక్కువ భాగం మామూలుదే. అక్కడక్కడ కాస్త బరువైనది ఉంటుంది. వేడి సముద్రాల మీద లేచిన ఆవిరి ధ్రువాల వైపు వెళ్తూ చల్లబడుతుంటే, బరువైనది దారిలోనే వానగా ఎక్కువ రాలిపోతుంది. పెద్ద మూటలున్నవాళ్ళు ముందు స్టాపుల్లోనే బస్సు దిగిపోయినట్టు. చలి ఎంత ఎక్కువుంటే ధ్రువానికి చేరే మంచులో బరువైనది అంత తక్కువ. అక్కడి మంచు ఏ ఏటిది ఆ ఏడు పొరగా పేరుకుని, కింద పొరలు నొక్కుకుపోయి గడ్డ కడతాయి. లోతు నుంచి తీసిన గడ్డను కరిగించి, ఆ నీళ్ళలో బరువైన ఆక్సిజన్ ఎంతుందో దానికోసమున్న మిషన్‌లో కొలిస్తే, అది పడిన నాడు చలి ఎలా ఉండేదో చెప్పవచ్చు. మనిషి పుట్టి బుద్ధెరగని కాలం సంగతి కూడా.

ఆ గడ్డల్లో గాలి బుడగలు కూడా ఉంటాయి, ఆనాటి గాలితో. దాన్ని బయటికి తీసి కొలవడం మా రోజుల్లో ఇంకా తప్పటడుగుల్లోనే ఉంది. తర్వాతివాళ్ళు కొలిచి చెప్పింది మీరు చదువుకునే ఉంటారు. బొగ్గుపులుసు వాయువు పెరిగిన కాలాల్లో వేడి ఎక్కువ, తగ్గిన కాలాల్లో చలి ఎక్కువ. ఇవాళ మన గాలిలో ఉన్నంత ఆ పాత బుడగల్లో ఎక్కడా లేదు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది, దాచడమెందుకు. కానీ అంత పెద్ద మాటకు ఆధారం చిన్న చిన్న సీసాలు, వాటి మూత బిగించిన ఎవరెవరివో చేతులు.

సోమయాజులు గారికి ఒకటే కోరిక. "ఆ మంచు నీళ్ళు ఒక్కసారి మన మిషన్‌లో పెట్టి చూడాలోయ్, నేను రిటైరయ్యేలోపు" అనేవారు. ఆయనకు అప్పటికి ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. అయితే పేరూ ఊరూ లేని ల్యాబుకు అంత అపురూపమైన సరుకు ఎవరు పంపిస్తారు? ముందు మన వానను మనం సరిగ్గా కొలవగలమని లోకానికి చూపించాలి. అందుకోసమే నన్ను గోపన్‌పల్లి పంపించారు.

బాలమ్మ వాకిలి

అప్పుడు గచ్చిబౌలి అన్నా గోపన్‌పల్లి అన్నా బండరాళ్ళు, సీతాఫలం పొదలు, జొన్నచేలు. లింగంపల్లి స్టేషన్‌లో రైలు దిగి, కిరాయి సైకిలు తీసుకుని, నల్లగండ్ల మీదుగా బండ్ల బాటలో తొక్కుకుంటూ పోవాలి. పట్నం పొగకు దూరంగా, చెట్టు నీడ పడని ఖాళీ జాగా కావాలన్నారు సార్. బాలమ్మ ఇల్లు ఊరి చివర. పెద్ద వాకిలి, వెనక ఒక బావి. ఆ బావి నీళ్ళే చుట్టుపక్కల నాలుగిళ్ళకూ. భర్త పోయాడు; రెండెకరాల జొన్నచేను తనే చూసుకునేది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను పెద్దమ్మా అనేవాణ్ణి.

వాకిట్లో రేకు గరాటు, దాని కింద డబ్బా పాతాను. వాన పడిన మరునాడు పొద్దున్నే డబ్బాలో నీళ్ళు సీసాలో పోసి, మూత బిగించి, చీకటి మూలన పెట్టాలి. నెలాఖరుకు సీసా నాకివ్వాలి. అంతే పని.

"మొగులు నీళ్లే గద బిడ్డా, పట్టిస్త తియ్యి" అంది బాలమ్మ. "గని ఏం జేస్కుంటరు గీ నీళ్లు?"

"కొలుస్తం పెద్దమ్మా."

"మేం గూడ కొలుస్తం. నాగలి ఎంత దిగిందో సూస్తం. నీ సీసల నాగలి పడతదా?"

అదీ ఆవిడ వరస. ప్రతి మాటకూ ఒక ఎదురుమాట ఉండేది.

మొదట్లో ప్రతి నెలా నేనే వెళ్ళేవాణ్ణి. మూడో నెలలోననుకుంటాను, మంచి వానలు పడ్డాయి, తీరా వెళ్తే సీసా ఖాళీగా ఉంది. చుట్టాల పెండ్లికని వికారాబాద్ పోయి, వాన పడిన పది రోజులూ అక్కడే ఉండిపోయిందట; డబ్బాలో పడ్డవి ఎండకు ఇగిరిపోయాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎండలో అంత దూరం సైకిలు తొక్కిన మంట కూడా కలిసింది.

"ఉత్త సీస పట్టుకపోతె నా నౌకరి పోతది పెద్దమ్మా! ఎట్ల మరి?"

బాలమ్మ ముఖం చిన్నబోయింది. "అట్లనా బిడ్డా? పెండ్లాం పిల్లలున్నోనివి. ఇగ ఎన్నడు ఉత్తగ పంప. నువ్వు ఫికర్ జెయ్యకు."

సైకిలెక్కి లింగంపల్లి చేరేసరికి నేనన్న మాట నేను మర్చిపోయాను. ఆవిడ మర్చిపోలేదు.

గడియారంలాంటి వాన

ఇక నా బద్ధకం సంగతి. ఊరి నుంచి మల్లేశం అనే అతను రోజూ పాల క్యాన్లు లింగంపల్లి స్టేషన్‌కు తెచ్చేవాడు. నెలాఖరున సీసా అతని చేతికిమ్మని బాలమ్మకు కబురు పెట్టాను. నేను స్టేషన్‌లోనే నిండు సీసా తీసుకుని ఖాళీ సీసా ఇచ్చి వెనక్కి రైలెక్కేవాణ్ణి. వాన ఎన్ని రోజులు పడింది, ఎంత పడింది అన్న గడులు మా ల్యాబు లెక్కల పుస్తకంలో ఉండేవి. సీసాలో నీళ్ళెంతున్నాయో చూసి అంచనాగా రాసేసేవాణ్ణి. రెండేళ్ళు గోపన్‌పల్లి ముఖం చూడలేదు. సార్‌కు ఈ సంగతి చెప్పలేదు, ఆయనా అడగలేదు.

ఆ రెండేళ్ళూ వానలు సరిగ్గా లేవు. అయినా ఎండాకాలంలో కూడా గోపన్‌పల్లి నుంచి సీసాలో అడుగున కొద్దిగా నీళ్ళు వచ్చేవి. మాకు వింతగా తోచలేదు. ఎండాకాలపు జల్లు ఒక పొలంలో కురిసి పక్క పొలంలో కురవదు కదా. వింత ఎక్కడంటే, మిషన్ మీద ఆ నీళ్ళ అంకె ప్రతిసారీ ఒకటే. మామూలుగా ఈ నెల వానకూ పై నెల వానకూ పోలికే ఉండదు. ఎండాకాలపు సీసాలు మాత్రం, ఫిబ్రవరిదైనా మే నెలదైనా, ఈ ఏటిదైనా కిందటి ఏటిదైనా, ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఉన్నాయి.

సోమయాజులు గారు చిన్నపిల్లాడిలా గంతేశారు. "ఇది వాన కాదోయ్, గడియారం! ఎండాకాలంలో ఇక్కడికొచ్చే తేమంతా ఒకే చోటు నుంచి వస్తోందన్నమాట" అన్నారు. దాని మీద వ్యాసం రాశారు. ధ్రువాల్లో మంచు తవ్వే విదేశీ ల్యాబొకటి అది చూసి ఉత్తరం రాసింది. మీ కొలతలు ఇంత నిలకడగా ఉన్నాయి కాబట్టి, ఒక్కో లోతు నుంచి ఒక్కోటి చొప్పున ముప్పై సీసాల మంచు నీళ్ళు పంపుతాం, మీ అంకెలు మా అంకెలతో కలుస్తాయేమో చూడండి అని.

ఆ ఉత్తరం ఆయన నాకు నాలుగుసార్లు చదివి వినిపించారు. పై మార్చిలో ఆయన రిటైర్మెంటు. "ఆ సీసాలు వస్తే చాలోయ్ నర్సింహులూ. ఆ తర్వాత నన్ను ఇంటికి పంపించినా నాకేం విచారం లేదు" అన్నారు. ఆ ముఖంలో సంతోషం చూసి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇంకొక్క ఏర్పాటు కావాలి. ఈ మిషన్‌లో ఏ నీళ్ళు పెట్టినా, ముందోసారి వెనకోసారి తెలిసిన నీళ్ళు పెట్టి సరిచూసుకోవాలి. కిరాణా కొట్లో తూకపు రాయిలాంటివి అవి. ఎప్పుడూ ఒకేలా ఉండేవి, కావలసినన్ని దొరికేవి అయితే మంచిది. "మన గోపన్‌పల్లి ఎండాకాలపు వానను మించింది ఏముందోయ్? వెళ్ళి రెండు లీటర్లు పట్టుకురా" అన్నారు సార్. రెండు లీటర్ల వాన ఎలా పట్టాలో ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు. పెద్ద గరాటు పెట్టించి, జల్లు పడినప్పుడు పట్టమని చెప్పి వద్దామని బయల్దేరాను. అది మే నెల.

రెండు బొక్కెనలు

"ఏందిరో నర్సింలూ, ఉన్నవా పోయినవా అనుకున్న" అని బాలమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది. చెంబుతో మంచినీళ్ళిచ్చింది, సగానికే. అది నేను తర్వాత గుర్తు చేసుకున్నాను.

"పెద్దమ్మా, నువ్వు పంపిన ఎండకాలం నీళ్లు మా పెద్ద సార్‌కు మస్తు నచ్చినయి. ఇంక రెండు లీటర్లు కావాల్నంట."

"గంతేనా? జర ఆగు, తెస్త."

బిందె తీసుకుని ఇంటి వెనక్కి పోయింది. అబ్బ, ముందుచూపున్న మనిషి, వాన నీళ్ళు ఏ కుండలోనో దాచిపెట్టింది అనుకుని మురిసిపోతూ వాకిట్లో కూర్చున్నాను. గిరక చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఏమిటో తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. లేచి వెనక్కి ఉరికాను.

బాలమ్మ తాడు లాగుతోంది. తాడు పొడుగ్గా, చాలా పొడుగ్గా వస్తోంది. పైకొచ్చిన బొక్కెనలో నీళ్ళు పావు వంతు లేవు.

"పెద్దమ్మా, గిదేంది? నాకు వాన నీళ్లు గావాలె!"

"వానా? వాన ఏడ పడ్డది బిడ్డా? మాఘం దాటినంక మొగులు మొకం సూడలె మేం."

"మరి నువ్వు నెలనెల పంపిన సీసలు?"

"గియ్యే." బొక్కెన చూపించింది. "నువ్వే అంటివి గద, ఉత్త సీస పంపితె నౌకరి పోతదని. పక్కింటోళ్లు గిన్నెల పెరుగిస్తెనే ఉత్తగ తిరిగియ్యం, ఇంత పప్పన్న ఏసిస్తం. నీ నౌకరి సంగతాయె. ఎట్ల ఉత్తగ పంపుత?"

ఆవిడ నా ముఖం చూసి కంగారు పడింది. "ఏందిరా, గట్ల పరేషాన్ అయితున్నవ్? ఎవల నీళ్లు తియ్యలె. దినాం ఇంటికి రెండు బొక్కెనలని వంతులు పెట్టుకున్నం. నా వంతులకెల్లే తీసిన."

అక్కడే బావి గట్టు మీద కూలబడ్డాను. నీళ్ళకు వంతులు వేసుకున్న ఇంట్లో, ఆవిడ తన వంతులోంచి నా సీసా నింపింది, రెండు ఎండాకాలాలు. నేనేమో ఏడాదికి ఒక్కసారి కూడా వచ్చి ఎలా ఉన్నావని అడగలేదు. ఆవిడ చేసిందాంట్లో అబద్ధం ఇంత కూడా లేదు. ఉత్త సీసా కూడా మాకు లెక్కే, వాన పడలేదన్నది కూడా ఒక కబురే అని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. పైగా నౌకరి పోతుందని బెదిరించి వచ్చాను.

"ఏం తప్పు గాలె పెద్దమ్మా" అన్నాను. "నువ్వు ఫికర్ జెయ్యకు." అచ్చం ఆవిడ నాకు చెప్పిన మాటే.

మూడు రోజులు

సార్‌కు వెంటనే చెప్పానని రాస్తే బాగుండేది. చెప్పలేదు. మూడు రోజులు కడుపులో పెట్టుకుని తిరిగాను. ఆ మూడు రోజులకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? బావి నీళ్ళే తెచ్చి వాననీళ్ళంటే అంకె సరిపోతుంది. ముప్పై సీసాలూ వస్తాయి. సార్ కోరిక తీరుతుంది. నా పొడిగింపు కాగితం మీద ఆయన సంతకం ఎలాగూ పడుతుంది. చెప్తే ఆయన రాసిన వ్యాసం తప్పని తేలుతుంది, సీసాలు ఆగిపోతాయి, ఆయన చేతులూపుకుంటూ రిటైరవుతారు, నేను ఇంటికి పోతాను. చెప్పకపోవడమే ఆయనకు మేలు చేసినట్టని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. మనకు లాభమున్న చోట ఎదుటివాడి మేలు ఎంత బాగా కనిపిస్తుందో!

నాలుగో రోజు పొద్దున సార్ ధ్రువాల పటం ఒకటి గోడకు మేకులు కొట్టి తగిలిస్తున్నారు. సీసాలు వచ్చాక ఎక్కడెక్కడివో గుర్తులు పెట్టడానికట. ఆ ముఖం చూస్తూ ఇంకో రోజు గడపడం నా వల్ల కాలేదు.

"సార్, అది వాన కాదు. బావి."

మొత్తం చెప్పాను. నౌకరి పోతదన్న మాట, పాల క్యాన్లు, పుస్తకంలో నేను అంచనాతో నింపిన గడులు, ఏదీ దాచలేదు. ఆయన సుత్తి బల్ల మీద పెట్టి కూర్చున్నారు. "ఏమండీ" అంటారని చూశాను. అనలేదు.

"ఆవిడ్ని ఏమైనా అన్నావా?"

"ఏమనలె సార్."

"బతికించావు." కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "ఎంత మురిసిపోయానోయ్. వానట, గడియారమట! భూమి లోపలి నీళ్ళు నిలకడగా కాక ఎలా ఉంటాయి? బడిపిల్లాడు చెప్తాడు. అంత నిలకడగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావద్దూ?"

"తప్పు నాది సార్. నేను పోలె."

"నువ్వు వెళ్ళలేదు. వెళ్తున్నావా అని నేను అడగలేదు. అంకె నాకు నచ్చింది కాబట్టి అడగలేదు. ఎవరిది పెద్ద తప్పు చెప్పు?"

స్రవంతీ, ఈ ముక్క నీకోసం. నీకు నచ్చిన అంకె వచ్చిన రోజే ఎక్కువ అనుమానించు. తెర మీద చుక్క కనిపిస్తే ఆ సీసా ఏ చెయ్యి నింపింది, ఏ భయంతో నింపింది అని అడుగు. మీ దగ్గర ఇప్పుడు ఎన్ని మిషన్లున్నా ఇది మాత్రం మనిషి వెళ్ళి అడగాల్సిందే.

ఉత్తరం

ఆ మధ్యాహ్నమే ఆయన విదేశీ ల్యాబుకు ఉత్తరం రాశారు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని, ఎండాకాలపు నమూనాలు వానవి కావని, పర్యవేక్షణ లోపం తనదని. నా పేరు లేదు. రాయండి సార్ అన్నాను. "నీ పేరు రాస్తే నా తప్పు తగ్గుతుందటోయ్?" అని కవరు అంటించేశారు.

మా పైన ఇంకో అధికారి ఉండేవాడు. పేరెందుకు. ఆయన సోమయాజులు గారిని పిలిచి, "రెండు వాక్యాలు మార్చి ఊరుకుంటే పోయేది కదండీ, ల్యాబు పరువు బజారున పెట్టారు" అన్నాడు. ఆయన చాలా పైకి పోయాడు. సభల్లో సత్యం గురించి బాగా మాట్లాడేవాడు కూడా. అలాంటివాళ్ళు మీకూ తగులుతారు. వాళ్ళతో పోట్లాడి టైము పాడుచేసుకోకండి, వాళ్ళలా తయారవకండి, చాలు.

సార్ నన్ను మళ్ళీ గోపన్‌పల్లి పంపించారు. ఈసారి బావి నీళ్ళకే, బావి నీళ్ళనే పేరు పెట్టి. తూకపు రాయిగా అవి నిజంగానే పనికొస్తాయి. నిలకడ వాటి గుణమే కదా. బాలమ్మకు మొత్తం విప్పి చెప్పాను. వాన పడకపోతే ఉత్త సీసానే పంపు, దాని మీద నేను 'వాన లేదు' అని రాసుకుంటాను, నా నౌకరికి ఏం కాదు అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "గీ ముచ్చట అప్పుడే జెప్తె నీ నోరు అరుగుతుండెనా?" అంది. మూడు లీటర్లు తోడించుకుని, గాజు పాత్రలో పోసి సీలు వేశాం. తోడిన నీళ్ళకు బదులుగా వాళ్ళ నాలుగిళ్ళకూ లింగంపల్లి నుంచి ఎడ్లబండి మీద ఒక డ్రమ్ము నీళ్ళు తెప్పించి ఇచ్చాను. అదైనా చెయ్యకపోతే మనిషిని కాను.

జూన్ పోయింది, దసరా పోయింది. విదేశం నుంచి జవాబు లేదు. గోడ మీద పటం మీద ఒక్క గుర్తూ లేదు. సార్ దాని వైపు చూడడం మానేశారు. నా పొడిగింపు కాగితం మీద మాత్రం ఎప్పటిలాగే సంతకం పెట్టారు.

పన్నెండు సీసాలు

ఫిబ్రవరిలో చెక్కపెట్టె వచ్చింది. ముప్పై కాదు, పన్నెండు. పైన చిన్న కాగితం. ఎదుటివాళ్ళ తప్పు కనిపెట్టిన ల్యాబులు మాకు చాలా తెలుసు, తమ తప్పు తామే రాసి పంపిన ల్యాబుతో పనిచేయడం మాకు సంతోషం అని దాని సారాంశం. సార్ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "ఓవెన్ వేడెక్కిందా?" అన్నారు.

పన్నెండు సీసాలు కొలవడానికి రెండు వారాలు పట్టింది. ప్రతిదానికీ ముందోసారి వెనకోసారి గోపన్‌పల్లి బావి. పైపొరల సీసాలు ఒక తీరుగా ఉన్నాయి. లోతుకు పోయేకొద్దీ బరువైన ఆక్సిజన్ తగ్గుతూ వచ్చింది, చివరి సీసాల్లో బాగా పడిపోయింది. మంచుయుగపు చలి మా మిషన్ ముల్లు మీద కనిపించింది. వాళ్ళ అంకెలతో పోల్చుకుంటే కలిశాయి. నేను ఎగిరి గంతేశాను. సార్ నా వీపు మీద ఒక్కటి చరిచి, "వెళ్ళి ఆవిడ్ని తీసుకురావోయ్. నేను దిగిపోయేలోపు చూడాలి" అన్నారు.

బాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, నాతో రైలెక్కి వచ్చింది. సోమయాజులు గారు లేచి నిలబడి, "రండమ్మా, కూర్చోండి" అన్నారు. ల్యాబులో ఆయన అలా లేచి నిలబడిన వాళ్ళు నాకు తెలిసి ఇద్దరో ముగ్గురో.

ముందు సీలు వేసిన గాజు పాత్ర చూపించారు. "ఇవి మీ బావి నీళ్ళేనమ్మా. మేం కొలిచేదంతా వీటితో పోల్చే."

బాలమ్మ పాత్రను అరచేత్తో తడిమింది. "ఇయి ఇంక ఉన్నయా!" అంది. చెయ్యి తియ్యలేదు. "బాయి ఎండింది సారూ."

నాకు తెలియదు. దారిలో రైల్లో అంతసేపు పక్కన కూర్చుని వచ్చింది, చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

సార్ మెల్లగా ధ్రువాల నుంచి వచ్చిన చివరి సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టారు. చాలా చాలా పాతకాలపు మంచు అనీ, అప్పటి చలి ఎంతో అందులో తెలుస్తుందనీ చెప్పారు. బాలమ్మ సీసాను వెలుతురుకు పెట్టి చూసింది.

"గిన్నొద్దులు ఎవలు దాసిన్రు?"

"ఎవరూ దాయలేదమ్మా. అక్కడ చలికి కరగదు, అలాగే ఉండిపోయింది."

"కరిగితె?"

సార్ నవ్వారు. ఆ రోజుల్లో మాకెవరికీ ఆ ప్రశ్న ప్రశ్నలా తోచలేదు. "అంత మంచు ఎక్కడ కరుగుతుందమ్మా! కరగదు."

"ఎండదనే అనుకున్నం సారూ మేం గూడ" అంది బాలమ్మ. ఎత్తిపొడుపేం లేదు ఆ మాటలో. ఉన్న సంగతి చెప్పింది. "మా అత్త కాలంల ఎండలె, ఆమె అత్త కాలంల ఎండలె."

సోమయాజులు గారి ముఖంలో నవ్వు పోయింది. ఆవిడ చేతిలోని సీసా వైపు, గాజు పాత్ర వైపు చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని ఆవిడకు ఎదురుగా కూర్చున్నారు.

"ఏ నెల నుంచి తగ్గడం మొదలైందమ్మా? తాడు ఎన్ని మూరలు దిగేది? మీ అత్తగారు చెప్పింది కూడా చెప్పండి, మొదటినుంచీ" అని, నా వైపు తిరిగి, "నర్సింహులూ, రాసుకో. ఆవిడ ఎలా చెప్తే అలాగే, ఒక్క ముక్క కూడా నీ అంచనా వద్దు" అన్నారు.

నేను కొత్త పుస్తకం తీశాను. బాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, చెప్పడం మొదలుపెట్టింది.